ఎవరిదో తెలియని గీత

నాకు గుండె దడ వస్తోందంటే మా ఇంట్లో ఏడాది పాటు ఎవరూ నమ్మలేదు. ఆ దడ నా ఒక్కదానికే తెలిసేది మరి. గాయాలకు కట్టే గాజుగుడ్డ చుట్టలు చేసే కంపెనీలో నాకు పని. బల్ల ముందు నిలబడి చుడుతూ ఉండగా ఛాతీలో ఏదో జారిపడ్డట్టయ్యేది. ఆ వెంటనే గుండె గొంతు దాకా వచ్చి దబదబ కొట్టుకునేది. ఒళ్లంతా చెమట పట్టేది. పక్కనున్న ఆమె చెయ్యి పట్టుకుని కూర్చునేలోపు తగ్గిపోయేది. ఆస్పత్రికి పోతే ఛాతీకి వైర్లు తగిలించి, కాగితం తీసి, అంతా బాగానే ఉందని పంపేవాళ్లు. దడ వచ్చినప్పుడు ఆస్పత్రి ఉండదు, ఆస్పత్రిలో ఉన్నప్పుడు దడ రాదు.

బాగానే ఉందన్న మాట వింటే మా అత్తకు పండగ. డెబ్బై దాటినా ఒక్క మాత్ర మింగి ఎరగని మనిషి. తళవాయిపురం నుంచి కోడలిగా వచ్చిన నాటి నుంచి ఈ ఇంటి నీళ్లు, వంట, చాకిరీ అన్నీ తన చేతుల మీదే నడిపింది. ఆమె లెక్కలో జబ్బంటే కంటికి కనబడాలి. జ్వరం రావాలి, కాలు వాయాలి, పుండు పడాలి. కనబడని జబ్బుకు ఆమె పెట్టిన పేరు నడిప్పు. అంటే నటన. తరాలుగా తమిళ ఊళ్లో ఉంటున్న తెలుగువాళ్లం మేము; తమిళంలో అయితే ఇంకాస్త గట్టిగా తగులుతుందనుకుందేమో, నా దగ్గర ఎప్పుడూ ఆ మాటే వాడేది. నేను మంచం మీద ఒరిగితే చాలు, వంటింట్లో గిన్నెల చప్పుడు పెరిగేది. వీధి అరుగు మీద కూర్చుని, మా కాలంలో గుండె ఒకటి ఉండాదనే మాకు తెలియదని పక్కింటి పిన్నితో అనేది, అదీ నాకు వినబడేలా. మా ఆయన తల్లినీ ఏమనలేడు, నన్నూ ఏమనలేడు. పొద్దున్నే బండెక్కి సేత్తూరు దగ్గరి తోటకు పోయి, చీకటి పడ్డాక వచ్చేవాడు. తెలివైన మనిషి.

మా వీధి మలుపులో ఒక డాక్టరమ్మ చిన్న క్లినిక్ పెట్టుకుంది. జ్వరం, దగ్గు, చక్కెర, దేనికైనా మేమంతా ఆమె దగ్గరికే పోతాం. ఒకరోజు కంపెనీ నుంచి వస్తూ ఇక పట్టలేక లోపలికి వెళ్లి కూర్చున్నాను. ఆమె నేను చెప్పిందంతా మధ్యలో ఆపకుండా విన్నది. వచ్చినప్పుడు పట్టుకోవాలి, పోయాక వెతికితే ఏం దొరుకుతుంది అంది. బల్ల సొరుగులోంచి ఒక వస్తువు తీసింది. అగ్గిపెట్టె కంటే కాస్త పొడుగు, బాగా పలచన, పైన రెండు వెండి రంగు బిళ్లలు. నా ఫోనులో ఏదో ఎక్కించి ఎలా వాడాలో చూపించింది. దడ రాగానే ఫోను పక్కన దీన్ని పెట్టుకుని, రెండు చేతుల వేళ్లూ బిళ్లల మీద ఆనించి, అర నిమిషం కదలకుండా, మాట్లాడకుండా ఉండాలి. నా గుండె గీత ఫోనులో పడుతుంది, అక్కడి నుంచి ఆమె ఫోనుకు పోతుంది. ఇది మీ ఒక్కరి గుండెకే, ఇంకెవరి చెయ్యీ తగలనివ్వకండి అని రెండుసార్లు చెప్పింది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. మిషన్ సంగతి పక్కన పెట్టండి, ఏడాదిలో మొదటిసారి ఒక మనిషి నేను చెప్పేది నిజమై ఉండొచ్చన్నట్టు నా ముఖంలోకి చూసింది.

ఇంటికి తెచ్చాక అత్త దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, నడిప్పు గూడా దీంట్లో పడతాదా అని అడిగింది. నేను చేతిలో ఉన్న చెంబును అవసరమైన దానికంటే గట్టిగా కింద పెట్టాను.

ఇక్కడ మా వీధి సంగతి చెప్పాలి. మా వీధిలో ఒక్కరి వస్తువు అంటూ ఉండదు. ఒకరింట్లో నిచ్చెన ఉందంటే వీధికంతా నిచ్చెన ఉన్నట్టే. ఎదురింట్లోకి బీపీ చూసే మిషన్ వచ్చినప్పుడు, చొక్కా చేతులు పైకి మడుచుకుని వీధంతా వాళ్ల అరుగు ముందు వరస కట్టింది. బరువు తూచే మిషన్ వచ్చినప్పుడూ అంతే, నడవలేని వాళ్లను కూడా చెయ్యి పట్టుకుని తెచ్చి ఎక్కించారు. కొత్త వస్తువు వచ్చాక పదిమందినీ పిలిచి చూపించకపోతే దాన్ని పొగరంటారు. ఆ పేరు ఒకసారి పడితే మనవరాళ్ల పెళ్లిళ్ల దాకా వదలదు.

ఆదివారం పొద్దున కాస్త దడ అనిపించి, అరుగు మీద కూర్చుని బిళ్లల మీద వేళ్లు పెట్టాను. కరివేపాకు కోసం వచ్చిన పక్కింటి పిన్ని అది చూసింది. ఆమె చూసిందంటే వీధి చూసినట్టే. ఎదురింటి వదిన వచ్చింది, మూలింటి తాత కర్ర తాటించుకుంటూ వచ్చాడు, వెనక ఇంకో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు. డాక్టరమ్మ వద్దన్నదని చెప్పాను. వేలు పెడితే అరిగిపోతాదా అని పిన్ని నవ్వింది. అంతే, ఫోను అరుగు మీద పెట్టక తప్పలేదు. నిజం చెప్పాలంటే నాకూ సరదాగానే ఉండింది. నా జబ్బు చుట్టూ అంతమంది చేరడం అదే మొదలు. ఒక్కొక్కరే వేళ్లు పెట్టి, ఊపిరి బిగబట్టి, గీత పరిగెత్తుతుంటే చిన్నపిల్లల్లా చూశారు. తాత మాట్లాడకుండా ఉండలేక గీత రెండుసార్లు చెడిపోయింది. అందరికీ కాఫీ పెట్టడానికి నేను లోపలికి వెళ్లాను. గ్లాసులు పట్టుకుని వచ్చేసరికి కూడా ఆ వేడుక సాగుతూనే ఉంది. అత్త మాత్రం ఇదేమీ పట్టనట్టు వసారాలో కత్తిపీట ముందు కూర్చుని బీన్సు తరుగుతోంది.

మర్నాడు నేను కంపెనీలో ఉండగానే డాక్టరమ్మ ఫోను చేసి, వెంటనే రమ్మంది. వెళ్లగానే నా మీద కోప్పడింది. ఆమె కోపం నేను ఎప్పుడూ చూడలేదు. ఆదివారం పొద్దున ఇన్ని గీతలు ఎలా వచ్చాయని అడిగింది. జరిగింది చెప్పాను. ఆమె తల పట్టుకుంది. తన ఫోను నా వైపు తిప్పింది. మంచి గీతలో కొండలు ఒకే ఎడంతో వస్తాయి. ఆదివారం వచ్చిన వాటిలో ఒక్క గీతలో మాత్రం ఎడం ఒకేలా లేదు. రెండు దగ్గర దగ్గరగా, ఒకటి ఎక్కడో దూరంగా, మళ్లీ మూడు ముద్దగా. చదువుకోని నాకు కూడా అది తప్పని తెలిసింది. ఈ మనిషి గుండె పైగది సరిగ్గా కొట్టుకోకుండా వణుకుతోంది అంది. వణికే గదిలో రక్తం నిలిచి గడ్డ కడుతుందట. ఆ గడ్డ మెదడుకు పోతే పక్షవాతం. నాదైతే, నా వయసుకు, నిదానంగా చూసుకోవచ్చు. వయసు మళ్లిన వాళ్లదైతే రక్తం పలచబరిచే మాత్ర ఆ రోజే మొదలుపెట్టాలి. ఎవరిదమ్మా ఇది అని అడిగింది.

గీతకు పేరు లేదు. ఎవరు వేలు పెట్టినా ఆ ఫోనులో పడేది నా పేరే.

అక్కడికక్కడే నాకు పెద్ద మిషన్ మీద గీత తీసింది. బాగానే ఉంది. కానీ ఇది వచ్చి పోయే రకం, ఇప్పుడు లేదని మీది కాదనుకోవడానికి లేదు అంది. ఒక రోజంతా ఒంటికి కట్టుకుంటే గుండె గీత పట్టే పెట్టె కోసం మదురైకి రాసిచ్చింది. దానికి కొంతకాలం ఆగాలి. ఈలోపు ఆదివారం వేలు పెట్టిన వాళ్లందరినీ పంపమంది. ఊరికే చూస్తాను, ఒక్క నిమిషం పని, కానీ ఆలస్యం చెయ్యొద్దు అని గుమ్మం దాకా వచ్చి మరీ చెప్పింది.

ఆ సాయంత్రమే ఇల్లిల్లూ తిరిగాను. ముందు రోజు ఒకరినొకరు తోసుకుంటూ వేళ్లు పెట్టిన వాళ్లు, ఒక్కరూ పెట్టలేదన్నారు. ఎదురింటి వదిన తన వేళ్లు బిళ్లకు సరిగ్గా ఆనలేదంది. ఆమెకు మిల్లులో కొత్త పని ఖాయమయ్యేట్టుంది, ఒంట్లో బాగులేదన్న మాట బయటికి పొక్కకూడదు. మూలింటి తాత, మింగే మాత్రలే చాలు, ఇంకొకటి నాకొద్దు అని తలుపు దగ్గరికేశాడు. పక్కింటి పిన్ని మర్యాదగా కూర్చోబెట్టింది. అది నీదేలేమ్మా, పడపడప్పు, ఆ దడ, వచ్చేది నీకే కదా అంది. ఆ మాట మిగతా ఇళ్లకు నాకంటే ముందే చేరింది. నేను గడప తొక్కేసరికి అందరి నోటా అదే జవాబు. నాకు ఒళ్లు మండిపోయింది. ఏడాది పాటు నాకే జబ్బూ లేదన్న వీధి, ఇప్పుడు ఊళ్లో ఉన్న జబ్బంతా నాదేనంటోంది.

అత్తను కూడా అడిగాను. నేనెందుకు ముట్టుకుంటాను ఆ బొమ్మని అంది. ఆమెను అనుమానించాలని నాకు తట్టనే లేదు. ఆ మిషన్‌ని అంతగా ఎగతాళి చేసిన మనిషి దాని మీద చెయ్యి వేస్తుందని ఎవరనుకుంటారు?

రెండు రోజులు చూసి, డాక్టరమ్మ ఒక సాయంత్రం తనే మా వీధికి వచ్చింది. అంతకు ముందు దాకా కళకళలాడిన అరుగులన్నీ ఖాళీ అయ్యాయి. చివరికి మా ఇంట్లో కూర్చుంది. అత్త మజ్జిగ ఇచ్చింది. గ్లాసు అందుకుంటూ డాక్టరమ్మ, మీ చెయ్యి ఇవ్వండమ్మా, ఊరికే పట్టి చూస్తాను అంది. అత్త చెయ్యి వెనక్కి తీసుకుంది.

"నాకేముండాది, నేను రాయి. నా కోడల్ని చూడమ్మా. దానికి ఒడంబు బాగలేదు, నయం చెయ్యి, చాలు."

నా కోడలు అన్న మాట ఆమె నోట అంత మెత్తగా రావడం నేను మొదటిసారి విన్నాను.

ఆ రోజు నుంచి అత్త మారిపోయింది. పొద్దున నేను లేచేసరికే పొయ్యి మీద పని సగం అయిపోయేది. రుబ్బిన పిండి గిన్నె నన్ను ఎత్తనిచ్చేది కాదు. కంపెనీకి సెలవు పెట్టించింది. మధ్యాహ్నం నన్ను ముందు కూర్చోబెట్టుకుని తలకు నూనె పెట్టేది. ఆ వేళ్లు నా మాడు మీద అలా తిరగడం పెళ్లయి వచ్చాక ఎప్పుడూ లేదు. అరుగు మీద కూర్చుని, మా పిల్లకి గుండె జబ్బు, బరువెత్తకూడదు అని దారిన పోయే వాళ్లకు కూడా చెప్పేది. నడిప్పు అన్న మాట ఇంట్లో మళ్లీ వినబడలేదు. నేను మంచం మీద పడుకుని, వంటింట్లో ఆమె అటూ ఇటూ తిరిగే చప్పుడు వింటూ ఉండేదాన్ని. జబ్బు ఉందో లేదో ఇంకా తెలియదు, ఉంటే ఏమవుతుందోనన్న భయం ఒక పక్క ఉండింది. అయినా ఆ రోజుల్లో నేను సంతోషంగా ఉన్నాను. జబ్బు మనిషిగా నన్ను ఒప్పుకున్నందుకు సంతోషం. ఇలాంటి సంతోషం కూడా ఒకటి ఉంటుందని నాకు అంతకు ముందు తెలియదు.

మాకు కొళాయి నీళ్లు రోజూ రావు. వచ్చే రోజు వీధి కొళాయి దగ్గర బిందెల వరస, కాస్త అరుపులు, తోపులాట మామూలే. నేను కాపురానికి వచ్చాక ఆ నీళ్లు మోసేది ఎప్పుడూ నేనే. ఆ రోజు బిందె తీసుకుంటుంటే అత్త నా చేతిలోంచి లాక్కుంది. నువ్వు పండుకో అని గదిలోకి తరిమింది. వద్దంటే వినలేదు. కొండ మీద మబ్బు పట్టి ఉంది, వాన వచ్చేలోపు పట్టేయాలని తొందరపడింది. మొదటి బిందె తెచ్చి పెట్టడం విన్నాను. రెండోదానికి పోయింది. తర్వాత వీధిలోంచి ఇత్తడి బిందె రాళ్ల మీద పడి దొర్లిన చప్పుడు, ఆ వెంటనే పిన్ని నన్ను పిలిచిన కేక వినబడ్డాయి.

పరిగెత్తి వెళ్లేసరికి అత్త కొళాయి పక్కన తడిలో పడి ఉంది. నోరు ఒక పక్కకు వంకరపోయింది. లేవాలని కుడి చేత్తో నేల తడుముతోంది. ఎడమ చెయ్యి ఆమెది కానట్టు పక్కన పడి ఉంది. కొళాయి ఇంకా పారుతూనే ఉంది, దాన్ని కట్టేయాలని ఎవరికీ తోచలేదు.

ఊళ్లోని ఆస్పత్రిలో ఆమె ఛాతీకి వైర్లు తగిలించి తెర మీద గీత పెట్టారు. నేను మంచం పక్కనే నిలబడి ఉన్నాను. రెండు దగ్గర దగ్గరగా, ఒకటి ఎక్కడో దూరంగా, మళ్లీ మూడు ముద్దగా. నాకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. మెదడులో గడ్డ ఉందని, మదురై తీసుకుపోవాలని అన్నారు. తీసుకుపోయాం. గడ్డ కరిగించే మందు వేసే వేళ దాటిపోయిందని అక్కడ చెప్పారు. ప్రాణం నిలిచింది. ఎడమ చెయ్యి, ఎడమ కాలు రాలేదు. మాట వచ్చింది కానీ ముద్దముద్దగా వచ్చింది.

పక్కింటి పిన్ని మదురై దాకా చూడటానికి వచ్చి, వరండాలో నా పక్కన కూర్చుని ఏడ్చింది. ఆ ఆదివారం నేను కాఫీ పెట్టడానికి లోపలికి పోయినప్పుడు, అత్త కత్తిపీట పక్కకు జరిపి వచ్చిందట. దీంట్లో ఏముండాదో చూస్తాను అని చేతులు కొంగుకు తుడుచుకుని వేళ్లు పెట్టిందట.

"నీకు చెప్పొద్దని నా మీద ఒట్టేయించుకునింది. సుమ్మా, ఊరికే వేడుకకి కదా అని నేనూ ఊరకుంటిని. ఇట్లా అవుతాదని ఎవరికి తెలుసు?"

డాక్టరమ్మ వీధంతా తిరిగిన రోజు ఈమెకు ఆ ఒట్టు ఎందుకంత ముఖ్యమైందో అడగాలనుకున్నాను. అడగలేదు. అడిగితే అరిచేదాన్ని, అక్కడ అరవకూడదని గోడ మీద రాసి ఉంది.

అదే ఆస్పత్రిలో, నా వంతు వచ్చిన రోజు, నాకు ఆ పెట్టె కట్టారు. మర్నాడు విప్పి చూశారు. నా గుండె మధ్య మధ్యలో ఒకసారి అదనంగా, ముందుగా కొట్టుకుంటుందట. దానివల్ల ప్రాణానికి ఏ ముప్పూ లేదు, మందు కూడా అక్కర్లేదన్నారు. ఒక అంతస్తు కింద అత్తను పక్కకు తిప్పి పడుకోబెట్టడానికి ఇద్దరు మనుషులు కావాల్సొస్తుంటే, నేను పైన నిలబడి నాకేమీ లేదన్న మాట విన్నాను.

అత్తను ఇంటికి తెచ్చాక వీధి మొత్తం వచ్చి చూసిపోయింది. పళ్లు తెచ్చారు, విభూతి తెచ్చారు. అప్పటి దాకా వేలు పెట్టలేదన్న వాళ్లంతా, మేమూ పెట్టినాము, దేవుడి దయ అని ఇప్పుడు ధైర్యంగా చెప్పుకున్నారు. అందరి ముఖాల్లోనూ జాలితో పాటు ఒక నిమ్మళం కనబడింది. ఆ నిమ్మళాన్ని చూసినప్పుడల్లా వాళ్ల పళ్లు వాళ్ల ముఖాన కొట్టాలనిపించేది. అత్త మీద కూడా కోపమే. జబ్బు మనిషి మీద కోపం పెట్టుకోకూడదంటారు. నేను పెట్టుకున్నాను. గీత తనదని తెలిసే నా నెత్తిన వేసిందని, ఆ చాకిరీ అంతా ఆ తప్పు మాఫీ చేసుకోవడానికే చేసిందని నమ్మాను. స్నానం చేయించినా, అన్నం కలిపి పెట్టినా, పక్కగుడ్డలు మార్చినా పళ్ల బిగువునే చేశాను. మాట్లాడటం మానేశాను.

ఒక మధ్యాహ్నం రక్తం పలచబరిచే మాత్ర నీళ్లతో ఇస్తూ ఇక ఆగలేకపోయాను.

"వేలు పెట్టినారని నాకెందుకు చెప్పలేదత్తా?"

మాత్ర మింగడానికి ఆమెకు చాలాసేపు పట్టింది. నోటి పక్క నుంచి కారిన నీళ్లు తుడిచాను. తర్వాత ఒక్కొక్క మాటే కూడదీసుకుంటూ చెప్పింది.

"ఎగతాళి చేసినాను కదే. మళ్లీ నేనే పోయి పెట్టినానంటే నవ్వుతారని. నాదని నేను అనుకోలేదు. నాకెప్పుడు నెంజు కొట్టుకునింది? నీదే అనుకుంటిని. ఇన్నాళ్లు నిజంగానే చెప్పింది, నేనే నమ్మలేదు, ఈ పిల్ల పోతాదేమో అని ఒకే బయం."

నా దగ్గర దాచిపెట్టుకున్న మాటలు చాలా ఉన్నాయి. ఒక్కటీ పనికి రాలేదు. ఆమె బాగున్న చేత్తో నా మణికట్టు పట్టుకుంది.

"మదురైలో నీకు పెట్టె కట్టినారు కదా. ఏం చెప్పినారు?"

అప్పుడు తెలిసింది, ఆ సంగతి ఆమెకు ఇంట్లో ఎవరూ చెప్పలేదని. అన్ని వారాలుగా కదలలేక పడుకుని, నాకు కూడా ఇదే వస్తుందని ఎదురుచూస్తూ ఉంది. నాకేం లేదంట అత్తా, బాగుండానంట అన్నాను. ఆమె కళ్లు మూసుకుంది. వంకరపోయిన నోటితో నవ్వింది. నా చెయ్యి మాత్రం వదలలేదు. అలా పట్టుకుని ఉండగానే నాకు ఛాతీలో జారిపడ్డట్టయి దడ మొదలైంది. ఆమెకు చెప్పలేదు.